ఆరున్నర కిలోలు

ఫిబ్రవరి నుంచీ నా ల్యాప్‌టాప్ బ్యాగులో రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఇన్స్యూరెన్స్ వాళ్ళకి ఇవ్వాల్సింది. ఈ మనిషి తిండి తగ్గించీ, నడిచీ, జిమ్ముకెళ్ళీ, మందులు వాడీ బరువు తగ్గలేకపోయాడు, కాబట్టి ఆపరేషన్ అవసరం అని డాక్టరు రాసిచ్చారు. రెండోది అదే డాక్టరు నాకోసం రాసింది. ఆపరేషన్ టేబుల్ ఎక్కేలోపు ఆరున్నర కిలోలు తగ్గి రావాలి.

పదమూడేళ్ళుగా కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి. ఒకదానికొకటి పొసగని రిక్వైర్‌మెంట్లు నాకు కొత్త కాదు. కానీ ఇది మరీ విచిత్రంగా అనిపించింది. తగ్గలేనని రుజువు చేస్తే డబ్బులిస్తారు. తగ్గగలనని రుజువు చేస్తే ఆపరేషన్ చేస్తారు. తగ్గగలిగే వాణ్ణయితే మీ దగ్గరికి ఎందుకొస్తాను సార్ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. లావుగా ఉన్నవాళ్ళు డాక్టర్ల దగ్గర ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. చెవి నొప్పని వెళ్ళినా ముందు బరువు తగ్గమనే మాట విని రావడం అలవాటైపోయి ఉంటుంది.

లెక్కలు చెప్పేస్తాను. ముప్పయ్యారేళ్ళు. ఎత్తు 173 సెంటీమీటర్లు. ఫిబ్రవరిలో బరువు 131.2 కిలోలు, అంటే బీఎమ్ఐ దాదాపు 44. మన దేశంలో 2019లో ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం బీఎమ్ఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండెజబ్బో, అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. అంతకంటే తేలికపాటి పద్ధతులు ముందు విఫలమై ఉండాలి. నాకు 40 ఎలాగూ దాటింది. స్లీప్ ఆప్నియా అదనం. రాత్రి మూతికి మాస్కు పెట్టుకుని, మంచం పక్కన చిన్న మిషను గాలి కొడుతుంటే పడుకుంటాను. మా పాప దానికి ఏనుగు అని పేరు పెట్టింది. తొండం ఉంది కాబట్టి. నన్ను చూసి కాదని నమ్ముతున్నాను.

ఇంకో లెక్క కూడా ఉంది. మా నాయన యాభై రెండేళ్ళకి పోయాడు. ఎరువుల కొట్టులో బిల్లు రాస్తూ రాస్తూ బల్ల మీద తల పెట్టేశాడట. నేను అప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. యాభై రెండులోంచి ముప్పయ్యారు తీసేస్తే పదహారు. మా పాపకి ఇప్పుడు అయిదు. ఈ తీసివేత ఒకసారి చేశాక మళ్ళీ మర్చిపోవడం కుదర్లేదు. ఆపరేషన్ నిర్ణయం వెనక ఇంతకంటే గొప్ప ఆలోచన ఏమీ లేదు.

*

మాది సంగం. నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సెక్కితే బుచ్చి దాటాక వస్తుంది. పెన్న ఒడ్డు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టిన ఆనకట్ట ఒకటి ఉండేది, 2022లో కొత్త బ్యారేజీ తెరిచారు. ఆ నీళ్ళతోనే కనిగిరి రిజర్వాయరు నిండేది, ఆ కింద మాగాణి అంతా పచ్చబడేది. బియ్యానికి, చేపకి కరువు లేని ఊరు. మా ఇంట్లో ప్రేమ అనే మాట ఎవరూ ఎప్పుడూ వాడలేదు. ఆ పని చేపల పులుసు చేసేది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు మొదటి రోజు వేడిగా, రెండో రోజు చద్దిగా. అసలు రుచి రెండో రోజుదే అని నెల్లూరులో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. నాయన పోయిన ఏడాది అమ్మ రోజూ కొట్టు మూశాక నా హాస్టల్‌కి ఫోన్ చేసి ఒకటే మాట అడిగేది. "తిన్నావా నాయనా?" తినకపోయినా తిన్నానని చెప్పడానికి కాదు, నిజంగా తినేసి ఆ మాట చెప్పడానికి నేను తినడం మొదలుపెట్టాను. ఆకలితో సంబంధం లేదు. తిన్నానని చెప్తే అవతల ఆ గొంతు కుదుటపడేది.

ఇది సాకుగా చెప్పడం లేదు. నా బరువుకి మా అమ్మ కారణం కాదు. మా అన్న అదే పులుసు తిని అరవై ఎనిమిది కిలోల దగ్గరే ఉండిపోయాడు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల్లో తిన్న ఇద్దరిలో ఒకడు ఒకలా, ఇంకొకడు ఇంకొకలా ఎందుకయ్యారో దానికి చాలా మటుకు జన్యువులే సమాధానం చెప్పాలి. కానీ లోకం అలా చూడదు. మన సినిమాల్లో లావుపాటి మనిషి నవ్వించడానికి వస్తాడు. రేలంగి, రమణారెడ్డి జంట గుర్తుందా? ఒకరు బొద్దు, ఒకరు పుల్ల. రమణారెడ్డి మా నెల్లూరు జిల్లా మనిషే. ఆ జంటలో సన్నగా ఉన్నాయన కూడా నవ్విస్తాడు గానీ, సన్నగా ఉండటం ఆయన తప్పు అని ఎవరికీ అనిపించదు. లావుగా ఉంటే అది స్వభావంలో లోపం. నోరు కట్టుకోలేని తనం, బద్ధకం. స్కూల్లో పీఈటీ సార్ నుంచి మొన్నటి క్యాబ్ డ్రైవరు దాకా అందరూ అదే నమ్మారు. అందరికంటే గట్టిగా నమ్మింది నేను.

అందుకే డాక్టరు ఆరున్నర కిలోలు అనగానే నాకు వినపడింది వైద్యం మాట కాదు, పరీక్ష. ఇన్నాళ్ళూ ఫెయిలయిన సబ్జెక్టులోనే మళ్ళీ పరీక్ష. ముందు నీకు క్రమశిక్షణ ఉందని చూపించు, ఆ తర్వాత నీకు ఆపరేషన్ దక్కించుకునే అర్హత ఉందో లేదో చూస్తాం అన్నట్టు.

*

మొదటి తేదీ ఏప్రిల్లో ఇచ్చారు. రెండు నెలల టైము. డైటీషియన్ ఒక చార్టు ఇచ్చింది. తిన్నదల్లా ఫోన్లో యాప్‌లో ఎక్కించాలి, ఆవిడ అవతల చూస్తుంది.

నేను అబద్ధాలు ఎక్కించాను.

మొదట్లో చిన్నవి. రెండు ఇడ్లీ తిని ఒకటన్నర అని. తర్వాత అసలు తిన్నది రాయకుండా చార్టులో ఏముందో అదే రాశాను. ఆఫీసులో సాయంత్రం ఆరింటికి టెస్టింగ్ వాళ్ళ కోసం తెప్పించే సమోసాలు ఆ యాప్‌లో ఎక్కడా లేవు. ఉద్యోగంలో లాగ్ ఫైల్ తప్పుగా రాసే ప్రోగ్రామ్ కంటే ప్రమాదకరమైంది లేదని జూనియర్లకి క్లాసు పీకేవాణ్ణి. నా లాగ్ మాత్రం చూడ ముచ్చటగా ఉండేది. డైటీషియన్ రోజూ ఒక చప్పట్ల బొమ్మ పంపేది.

కాఫ్కా 1922లో రాసిన 'ఎ హంగర్ ఆర్టిస్ట్' కథలో బోనులో కూర్చుని ఉపవాసం చేసే మనిషి ఉంటాడు. అతను దొంగతనంగా తినడం లేదని చూడటానికి కాపలా పెడతారు, ఎక్కువగా కసాయివాళ్ళని. కొందరు కాపలావాళ్ళు కావాలనే పక్కకెళ్ళి పేకాడుకుంటారు, ఈలోపు తినాలంటే తింటాడులే అని. అతన్ని బాధపెట్టేది ఆకలి కాదు, ఆ అనుమానం. డిగ్రీ రోజుల్లో ఆ కథ చదివి కళాకారుడి ఏకాంతం గురించి బ్లాగులో పెద్ద వ్యాసం రాసిపారేశాను. మార్చిలో మళ్ళీ చదివితే నేను ఆ కథలో ఎక్కడా లేను. అతన్ని ఎవరూ నమ్మలేదు, అతను మోసం చెయ్యలేదు. నన్ను అందరూ నమ్మారు, నేను చేశాను. కథ చివర్లో అతను తనకు నచ్చిన తిండి దొరకలేదు కాబట్టే తినలేదంటాడు. నాకు నచ్చని తిండి అంటూ లేదు.

మార్చి 30న ఉగాది. అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి ఏ పండగైనా సంగం వెళ్ళాలి. ఆపరేషన్ సంగతి ఆమెకి చెప్పలేదు. "డాక్టరు కొంచెం తగ్గమన్నాడమ్మా" అని మాత్రం అన్నాను. "తగ్గుదువులే, పండగ పూట ఏం తగ్గుతావు" అంది. బొబ్బట్లు. మర్నాడు పులుసు. ఆ మర్నాడు చద్ది పులుసు. ఒక ముద్ద వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్తే మొత్తం చెప్పాలి. తినడమే సులువు.

ఏప్రిల్లో ఆపరేషన్‌కి ముందు చెకప్‌లో బరువు మిషను 132.6 చూపించింది. రెండు నెలల క్రితం కంటే ఒకటిన్నర కిలో ఎక్కువ. యాప్‌లో ఉన్న లెక్క ప్రకారం నేను 122 ఉండాలి. డైటీషియన్ ఆ రెండు అంకెల వంకా చూసింది, నా వంక చూడలేదు. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్. తేదీ రద్దు చేశారు.

*

ఆ రోజు సర్జన్ తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. ఒక తెల్ల కాగితం తీసి బొమ్మ గీశారు. కడుపు, దాని మీద దుప్పటి కప్పినట్టు లివర్.

"మీ లివర్ ఎడమ భాగం సరిగ్గా పొట్ట మీద పడుకుని ఉంటుంది. నేను చిన్న రంధ్రాల్లోంచి పని చెయ్యాలి. ముందు ఈ లివర్‌ని పైకెత్తి పట్టుకోవాలి. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ బరువుగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, తగిలితే చిట్లి రక్తం కారుతుంది. కింద ఏముందో నాకు కనపడదు. అప్పుడు పొట్ట పెద్దగా కోసి తెరవాలి, లేదంటే ఆపేసి బయటికి రావాలి. మీరు తగ్గమన్నది మీ కోసం కాదండీ, నా కోసం. నాకు చోటు కావాలి."

నాకు చోటు కావాలి. ఈ మాట ఫిబ్రవరిలో కూడా చెప్పే ఉంటారు. నేను వినలేదు. అప్పటికే నేను పరీక్ష హాల్లో కూర్చుని చెమటలు కక్కుతున్నాను.

ఇంటికొచ్చాక చదివాను. లివర్ చక్కెరని గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరు పోతుంది, తర్వాత లివర్లో కొవ్వు కరగడం మొదలవుతుంది. రెండు వారాలు రోజుకి 800 నుంచి 1000 కేలరీల మీద ఉంటే లివర్ కొలవదగినంత కుంచించుకుపోతుంది. అందుకే చాలా చోట్ల ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ఈ పథ్యం పెడతారు. పెన్నలో పని చెయ్యాలంటే ముందు నీటిమట్టం తగ్గించినట్టు. ఇందులో నా స్వభావానికి సంబంధించిన ప్రశ్నే లేదు.

నా అనుమానం పూర్తిగా తప్పు కూడా కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఇన్స్యూరెన్స్ కంపెనీలు ఆపరేషన్‌కి డబ్బివ్వాలంటే నెలల తరబడి డైటింగ్ చేసి చూపించాలని షరతు పెట్టేవి. దానికి వైద్యపరమైన ఆధారం లేదని, చికిత్సని ఆలస్యం చెయ్యడం తప్ప దానివల్ల ఒరిగేది లేదని అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సంఘమే 2016లో కుండబద్దలు కొట్టింది. అంటే తగ్గి రమ్మనడంలో రెండు రకాలున్నాయి. ఒకటి గేటు దగ్గర ఆపే వాచ్‌మన్. ఇంకోటి లోపల లైటు వేసే మనిషి. బయట నిలబడ్డవాడికి రెండూ ఒకేలా కనపడతాయి.

*

ఆ రెండు కాగితాల సంగతి కూడా అప్పుడే విడింది. తగ్గలేడన్న కాగితమూ నిజమే, తగ్గి రమ్మన్న కాగితమూ నిజమే. మొదటిది ఏళ్ళ గురించి. రెండోది వారాల గురించి.

1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ముప్పయ్యారు మంది యువకుల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం చెయ్యడం తమ మనస్సాక్షికి విరుద్ధమని సైన్యంలో చేరకుండా, దానికి బదులుగా ఈ పనికి ఒప్పుకున్నవాళ్ళు. ఆరోగ్యవంతులు, నిబద్ధత ఉన్నవాళ్ళు. ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 కేలరీలు పెట్టారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. దాంతోపాటు వాళ్ళ బుర్రల్లోంచి తిండి తప్ప మిగతావన్నీ పోయాయి. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. కంచం ముందు గంటలు గంటలు కూర్చున్నారు. కలల్లో తిన్నారు. ఒక నమ్మకం కోసం దేశాన్నే ఎదిరించి నిలబడ్డ మనుషులు వాళ్ళు. సంకల్పబలం లేదని వాళ్ళని ఎవరనగలరు?

ఒళ్ళు తగ్గిన బరువుని నష్టంగా చూస్తుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది, పోయింది తిరిగి రాబట్టేదాకా ఊరుకోదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలో. నాకు చెయ్యబోయే స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో ముప్పాతిక పైనే తీసేసి అరటిపండంత గొట్టం మిగులుస్తారు. ఆ తీసేసే దాంట్లో ఆ పైభాగం కూడా పోతుంది. అంటే పట్టే చోటు తగ్గించడం ఒక్కటే కాదు, అరిచే గొంతుని కూడా కొంత తగ్గించడం. స్వీడన్‌లో నాలుగువేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ లేకుండా మామూలు సలహాలతో నెట్టుకొచ్చినవాళ్ళ సగటు బరువు పదిహేనేళ్ళలో రెండు శాతం అటూ ఇటూ కూడా కదల్లేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తగ్గి, చాలా మటుకు ఆ తగ్గుదల నిలుపుకున్నారు. వాళ్ళలో చావులు కూడా తక్కువ.

ఇవన్నీ చదివాక నాకేదో జ్ఞానోదయం అయిందని కాదు. సమోసా వాసన అలాగే ఉంది. కానీ ఒక పని చేశాను. యాప్ తెరిచి ఆ రోజు తిన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. సాయంత్రం నిలబడి తిన్న రెండు సమోసాలతో సహా. చప్పట్ల బొమ్మ రాలేదు. "థాంక్యూ అండీ, ఇప్పుడు పని చెయ్యొచ్చు" అని మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఆరింటికి నాకు ఆకలేస్తోందని ఆవిడకి అప్పటిదాకా తెలియదట. ఎలా తెలుస్తుంది? నేను చెప్పందే. అయిదున్నరకి రెండు ఉడికించిన గుడ్లు, మజ్జిగ పెట్టింది. జూన్ నెలాఖరుకి 127.4.

*

జూన్ మూడో వారంలో సంగం వెళ్ళి అమ్మకి చెప్పాను. సాయంత్రం బ్యారేజీ దాకా నడిచాం. నేను రోజుకి ఆరువేల అడుగులు నడుస్తున్నానని ఆమెకి సంతోషంగా ఉంది. కడుపు కొంత తీసేస్తారమ్మా అని చెప్పాను. చిన్న రంధ్రాలే అన్నాను. కేంద్రంలో మంత్రిగా చేసిన అరుణ్ జైట్లీ లాంటి వాళ్ళు కూడా 2014లో ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఆమెకి ఆయనెవరో కూడా తెలియదు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నీళ్ళ వంక చూస్తూ అంది.

"అయితే నేను పెట్టిందానికి శిక్షా ఇది?"

"అట్టా ఎందుకంటావమ్మా."

"మీ నాయన పోయినాక నువ్వన్నా కడుపునిండా తినాలనుకున్నా. అంతే అనుకున్నా. నాకేం తెలుసు?"

నేను జన్యువుల గురించి చెప్పాను, అన్నని ఉదాహరణగా చూపించాను, గ్రెలిన్ గురించి తెలుగులో చెప్పడానికి ప్రయత్నించాను. ఏదీ ఆమెకి చేరలేదు. నన్ను నలభయ్యేళ్ళు దాటించడానికి తను చేసిన పనినే డాక్టర్లు జబ్బంటున్నారని మాత్రం ఆమెకి అర్థమైంది. ఫిబ్రవరిలో నేను డాక్టరు దగ్గర విన్నదీ ఇలాంటిదే. ఆయన లివర్ గురించి చెప్తే నాకు నా తప్పు వినపడింది. నేను కడుపు గురించి చెప్తే అమ్మకి తన తప్పు వినపడింది. ఆయన దగ్గర బొమ్మ గియ్యడానికి కాగితం ఉంది. నా దగ్గర ఏమీ లేదు.

"ప్రాణానికేం కాదు కదా?" అని చివరికి అడిగింది.

"వెయ్యిమందిలో ఒకరికి అవ్వచ్చన్నారు."

అబద్ధం చెప్పి ఉండొచ్చు. అబద్ధాల కోటా ఏప్రిల్లోనే అయిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో పులుసు వాసన రాలేదు. అమ్మ రెండు గుడ్లు ఉడకబెట్టి కంచంలో పెట్టి ముందుకు జరిపింది. పక్కన కూర్చోలేదు. తన అన్నం తను వంటింట్లో తినేసింది. ఆ గుడ్లు దిగడం కష్టమైంది.

*

జులై 2 నుంచి చివరి రెండు వారాల పథ్యం. రోజుకి 900 కేలరీలు. పాలల్లో ప్రోటీన్ పొడి, మజ్జిగ, రసం తేట, ఒక పూట ఉడికించిన సొరకాయో బీరకాయో. అన్నం లేదు. మొదటి మూడు రోజులు తలనొప్పి, చేతులు వణుకు, ఎదుటివాళ్ళ మీద విసుగు. కోడ్ రివ్యూలో ఒక కుర్రాడి మీద అరిచి తర్వాత క్షమాపణ చెప్పాను. రాత్రి ఒంటిగంటకి ఫోన్లో నెల్లూరు చేపల పులుసు చేసే వీడియోలు చూస్తూ మా ఆవిడకి దొరికిపోయాను. "దీనికంటే వేరే వీడియోలు చూసినా నయం" అంది. మిన్నెసోటా కుర్రాళ్ళ వంటల పుస్తకాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. నాలుగో రోజుకి ఆకలి ఉంది గానీ పళ్ళు కొరకడం మానేసింది.

మా జిల్లా పేరులోనే ఒక ఉపవాసం ఉంది. 2008 నుంచి అది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఆయన పూర్వీకులది మా జిల్లాలోని జువ్వలదిన్నె. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయేదాకా, 58 రోజులు. స్కూల్లో ప్రతి నవంబరు ఒకటికీ ఆయన గురించి చెప్పేవాళ్ళు. ఆ ఉపవాసాన్నీ నా సొరకాయ ముక్కల్నీ ఒక వాక్యంలో పెట్టడం తప్పే. కానీ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆకలి అదొక్కటే. తినకపోవడం అంటే గొప్పతనం, తినడం అంటే దానికి వ్యతిరేకం అని ఎక్కడో నాటుకుపోయింది. ఆయన ఆకలి ఒక కోరిక తీరేదాకా. నాది ఒక లివర్ తగ్గేదాకా. ఇందులో గొప్పతనం లేకపోవడమే నన్ను కాపాడింది. ఒకరోజు తప్పి ఒక బిస్కెట్ తిన్నాను. యాప్‌లో ఎక్కించాను. పడుకున్నాను. మర్నాడు మళ్ళీ రసం తేట.

జులై 6న మొహర్రం. నెల్లూరులో రొట్టెల పండగ మొదలైంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తాను. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉంది, పన్నెండు మంది అమరుల సమాధులు. చెరువు నీళ్ళలో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. కిందటేడు కోరుకున్నది తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు. ఈ ఏడు ఏదైనా కావాలనుకున్నవాళ్ళు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. నీకేది కావాలో పైకి చెప్పి అడగాలి. హిందువులు, ముస్లిములు అని లేదు, అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒకళ్ళ కొంగులోకి ఒకళ్ళు రొట్టెలు వేసుకుంటూ ఉంటారు. నా ఉద్యోగం కూడా అమ్మ లెక్కలో 2011 నాటి రొట్టె వల్ల వచ్చిందే.

బ్యారేజీ సాయంత్రం తర్వాత అమ్మ ఫోన్లో "తిన్నావా" అని అడగడం మానేసింది. "ఎట్టా ఉండావు" అంటోంది. పదిహేనేళ్ళ అలవాటు మారడానికి ఆమెకి ఎంత కష్టమో, నాకు వినడానికీ అంతే కష్టంగా ఉంది. పండగ రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల జనం రొద.

"పక్కింటి అత్తతో వచ్చినా. ఆరోగ్య రొట్టె దొరకడమే కష్టమైపోయిందిరా, అందరికీ అదే కావాల్నంట. ఉదయగిరి ఆమె ఒకామె ఇచ్చింది. ఆమె మొగుడికి గుండె ఆపరేషన్ అయి బాగుండాడంట."

నా గుండె జారింది. రొట్టె వస్తుంది. కొరియర్లో వస్తుంది, లేదా అన్న తెస్తాడు. గోధుమ రొట్టె, వంద కేలరీల పైన, పిండిపదార్థం. తినకపోతే అమ్మ నీళ్ళలో నిలబడింది వృథా. తింటే మళ్ళీ ఉగాది. డైటీషియన్‌ని అడిగితే ఒక ముక్క తినమంటుందేమో, అడగాలి, ఎలా అడగాలి.

"మరి రొట్టె ఎట్టా పంపిస్తావమ్మా?" అన్నాను.

"పంపించేదేంది? నువ్వు తినకూడదంటివే. నేనే తినేశా. నీ పేరు చెప్పుకోని, ఆడ నీళ్ళలోనే నిలబడి తినేశా."

నేనేం మాట్లాడలేదు. ఆమె తన తిండి గురించి నాకు చెప్పడం అదే మొదటిసారి.

"బాగుండిందా?" అని అడిగాను.

"బెల్లం ఎక్కువేసింది. బాగనే ఉండింది." కాసేపాగి, "తీరినాక వచ్చే ఏడు మనం ఇయ్యాల. నువ్వే దిగి ఇయ్యాల" అంది.

ఈ ఉదయం బరువు 124.3. అడిగిన దానికంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువే తగ్గాను. నిన్న అల్ట్రాసౌండ్ చూసి సర్జన్ సరిపోతుంది అన్నారు. శభాష్ అనలేదు, అనక్కర్లేదు. వచ్చే బుధవారం ఆపరేషన్. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. జీవితాంతం విటమిన్ మాత్రలు, చిన్న కంచం, కొందరికి కొన్నేళ్ళకి బరువు కొంత తిరిగి రావడం, అన్నీ చెప్పారు. అమ్మ సోమవారం వస్తోంది, నెల రోజులు ఇక్కడే ఉంటుంది. నిన్న రాత్రి ఫోన్లో నా పథ్యం చార్టు మొత్తం చదివించుకుంది. ఆపరేషన్ అయిన వారం దాకా తేటలే ఇవ్వాలని విని కాసేపు ఆలోచించింది.

"రసం తేటలో మిరియాలు ఎయ్యచ్చా? ఆ పిల్లని అడిగి చెప్పు."

అడిగి చెప్తానన్నాను.